తర్జుమాకు లొంగని మాట



మత్తయి సువార్త 5వ అధ్యాయము 22వ వచనమును మీరు ఎన్నిమారులో వినియున్నారు. సహోదరుని "వ్యర్థుడా" అని పిలువవద్దని ప్రభువు అక్కడ హెచ్చరించుచున్నాడు. ఈ మాటకు మూలము "రకా". అది ప్రభువు కాలమున ఆ దేశపు జనులు మాటలాడిన అరామిక్ భాషలోని తిట్టు. సువార్త గ్రీకులో వ్రాయబడినప్పుడు అది తర్జుమా కాక అట్లే నిలిచెను. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులోను అట్లే ఉన్నది.

లండను మిషనువారు 1805లో విశాఖపట్నమునకును, 1807లో చైనాకును మిషనరీలను పంపిరి. 1822లో మన కడపలో పని ఆరంభించిరి. చైనాలో రాబర్టు మారిసను మొదలుపెట్టిన తర్జుమా పనిని తరువాత అనేక మిషనులవారు కొనసాగించిరి. 1919లో వెలువడిన చైనా బైబిలులో ఈ తిట్టును "లాజియా" అని శబ్దముగానే వ్రాసిరి. చైనా రైతు దాని భావమును ఎవరినైనను అడిగి తెలిసికొనవలసినదే. మన తెలుగువారో, శబ్దమును విడిచి భావమును పట్టుకొనిరి. "రకా" అనగా ఒట్టివాడు, ఏమియు లేనివాడు అని అర్థము గనుక "వ్యర్థుడా" అనుట సరియే.

అయినను ఒకటి మిగిలినది. నాలుగవ శతాబ్దమున అంతియొకయలో బోధించిన క్రిసొస్తొము యోహాను ఈ మాటను గూర్చి చెప్పినదేమనగా, ఇది ఘోరమైన తిట్టు కాదు. యజమానుడు పనివానిని చులకనగా "నువ్వు" అని పిలుచు పిలుపువంటిది.

ఇది చదివినప్పుడు నాకు నిఘంటువు అక్కరలేకపోయెను. నా చిన్నతనమున పులివెందుల సంతలో, తల నెరసిన మా నాయనను పదేండ్ల పెద్దింటి బాలుడొకడు "ఏమిరా" అని పిలిచెను. నాయన "సామీ" అని చేతులు కట్టుకొనెను. ప్రొద్దుటూరు అంగడిలో స్నేహితుడు స్నేహితుని "ఏమిరా" అనిన అది ప్రేమ. మాట ఒక్కటే, పైనుండి పడినప్పుడు అది ఉమ్మి. ఏ నిఘంటువు ఈ భేదమును చూపగలదు?

నా తప్పును కూడ ఒప్పుకొందును. నేను పాస్టరునైన తరువాత జమ్మలమడుగులో ఒకనాడు, గుడి ఊడ్చు ముసలివానిని తొందరలో "ఒరేయ్" అని కేకవేసితిని. అతడు "అయ్యా" అని పరుగెత్తి వచ్చెను. గడపయొద్ద కూర్చున్న మా నాయన నావైపు చూచెను, ఏమియు అనలేదు. ఆ ఆదివారము నేను ఈ వచనమును ప్రసంగింపలేకపోతిని.

సహోదరులారా, ఆ పిలుపును తరతరములుగా మోసినవారి బిడ్డలము మనము. మోసిన దానిని మరియొకని తలకెత్తుట మనకు తగునా? చాప పరచువానిని, వీధి ఊడ్చు తల్లిని, ఇంటిలో భార్యను రేపటి ఉదయము ఏమని పిలుతుమో ఆలోచించుకొందము. "అన్నా" అని, "అమ్మా" అని పిలుచుటకు ఖర్చేమియు లేదు. ప్రభువు మన నాలుకను కాచును గాక.