రెండో పొయ్యి వెలిగించే ముందు

ఉదయం ఆరున్నర. సూరత్‌లోని లింబాయత్‌లో సన్నగా వాన. గల్లీకి రెండు పక్కలా సాంచాల చప్పుడు. ఇంకో అరగంటలో షిఫ్టు మారుతుంది. రాత్రంతా ఆ మరమగ్గాల మధ్య నిలబడ్డవాళ్లు ఇంటికంటే ముందు ఈ మెస్సుకే వస్తారు. బెంచీ మీద కాస్త జరిగి మనమూ కూర్చుందాం. పక్కనున్నాయన మనతో వరంగల్ యాసలో, ఫోనులో సేఠ్‌తో గుజరాతీలో మాట్లాడుతున్నాడు. తెలంగాణ నుంచి నేతపని వెంట వచ్చిన పద్మశాలీల పిల్లలు, మనవలు పెరిగిన పేట ఇది. ఇక్కడి మునిసిపల్ బడుల్లో తెలుగు మీడియం కూడా ఉంది.

వంటింటి గుమ్మం దగ్గర, మెస్సు నడిపే అన్న నోటుపుస్తకం తెరిచాడు. రెండో మెస్సు పెట్టాలి. చోట్లు రెండు చూశాడు: రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల దగ్గర ఒకటి, పాండేసరా మిల్లుల దగ్గర ఒకటి.

"మార్కెట్ల కాడ గిరాకి ఎక్కువుంటది గదా" అంటుంది వదిన.

"ఉంటది. కని ఐతారం మార్కెట్లు బందు. కిరాయికి బందు లేదు."

పెన్ను కదులుతోంది. నెల కిరాయి 30,000. ఆదివారాలు పోతే 26 రోజులు. ప్లేటుకు 20 రూపాయలు మిగిలినా, రోజుకు 58 ప్లేట్లు కిరాయికే పోతాయి. 59వ ప్లేటు నుంచే వంట మాస్టర్ జీతం, కరెంటు, గ్యాసు. మిల్లుల దగ్గరైతే రాత్రి షిఫ్టు కూడా అన్నం తింటుంది. అంకె కింద అన్న గీత గీశాడు. ఆ కింద మరో మాట రాశాడు: దీపావళి. పండగకు పరిశ్రమ మూతపడి జనం ఊళ్లకు పోతే వారాల తరబడి బెంచీలు ఖాళీ. ఆ రోజుల కిరాయి ఇప్పుడే చేతిలో ఉండాలి.

పదింటికి స్కూటర్ మీద ఉధనా దాటి పాండేసరా చేరతాం. బ్రోకర్ షట్టర్ ఎత్తగానే అన్న ముందు గోడ అడుగు చూస్తాడు. చెమ్మ చార ఎంత ఎత్తున ఉందో వేళ్లతో కొలుస్తాడు. లింబాయత్‌లో మీఠీ ఖాడీ వాగు పొంగితే ఏమవుతుందో తెలిసినవాడు. 2006 ఆగస్టులో తాపీ నది నగరాన్నే ముంచేసింది. "పైన ఇంకో హాలు ఉంది, కిరాయి తక్కువ" అంటాడు బ్రోకర్. రెండో మెట్లదారి ఉందా అని అడుగుతాడు అన్న. లేదు. మరి మాట్లాడకుండా దిగిపోతాడు. 2019 మే 24న సర్థాణాలోని తక్షశిల కాంప్లెక్సు అగ్నిప్రమాదంలో 22 మంది చనిపోయిన ఊరు ఇది. పొయ్యి పెట్టేవాడు ఆ రోజును మరిచిపోకూడదు.

తిరుగుదారిలో కాగితాల సంగతి చెబుతాడు. జీఎస్టీ నంబరు పాతదే, రెండో చిరునామా అందులో చేర్పించాలి. ఫుడ్ లైసెన్సు మాత్రం కొత్తగా తీసుకోవాలి, ఏ చోటికి ఆ చోటే. హోటల్ బిల్లు మీద 5 శాతమే పన్ను కాబట్టి గ్రైండరు, ఫ్రిజ్ కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి రాదు. ఆ లెక్క కూడా పెట్టుబడిలోనే వేసుకోవాలి.

అసలు పరీక్ష మధ్యాహ్నం. ఇవాళ పప్పుచారు వదిన చెయ్యదు, పాండేసరాకు పంపాలనుకుంటున్న కుర్రాడు చేస్తాడు. వారం రోజులుగా ఆమె పిడికిలిని కాంటా మీద తూచి రాసుకున్నారు: చింతపండు ఇంత, ఉప్పు ఇంత, నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఊరి నుంచి వచ్చిన ఎండుమిర్చి ఇంత. కుర్రాడు గ్రాము తేడా లేకుండా వేశాడు.

రోజూ వచ్చే పెద్దాయన మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని తలెత్తాడు.

"అక్క ఊరికి పోయిందా?"

వదిన గంటెడు చారు అరచేతిలో పోసుకుని రుచి చూసింది. పులుపు సరే, ఉప్పు సరే. చివర్న చిన్న చేదు. పోపులో మిర్చి నల్లబడింది.

"తప్పు నీది గాదు తమ్మీ, మాదే. కాంటా మంటను తూయదు. అది మేం రాయలే."

అన్న ఫోను మోగింది. అడ్వాన్సు ఎప్పుడిస్తారని బ్రోకర్. "దీపావళి అయినంక చూద్దాం" అని అన్న ఫోను పెట్టేశాడు. చోటు పోతుందేమోనన్న బెంగ అతని ముఖంలో కనిపిస్తూనే ఉంది. అయినా నాకు ఆ మాటే సరైనదనిపించింది. వదిన చెయ్యి లేకుండా మొదటి పొయ్యి అదే రుచి ఇచ్చిన రోజే రెండో పొయ్యికి ముహూర్తం.

కుర్రాడు మళ్లీ నూనె పెట్టాడు. ఆవాలు చిటపటలాడాయి. మిర్చి ఎర్రగా ఉబ్బింది. వదిన చెయ్యి తనకు తెలియకుండానే పొయ్యి వైపు పోయింది. అంతలోనే వెనక్కి తీసుకుని, కొంగులో చుట్టుకుని, గుమ్మం ఇవతలికి వచ్చి నిలబడింది.