విమానశాస్త్ర విద్య: తొలి తరంవారి త్రోవ

1953లో బెంగుళూరులో ఒక యువకుడు మెకానికల్ ఇంజనీరింగులో పట్టం పుచ్చుకొన్నాడు. పెద్దలు, కావలసినవారు రైల్వే ఉద్యోగంలో చేరుమన్నారు. అది కాకపోతే బర్మా షెల్ వంటి చమురు కంపెనీ ఉండనే ఉన్నది. అతడు ఆ రెండూ కాదని, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో విమానశాస్త్రం చదవడానికి చేరాడు. అంతకు పూర్వం, కళాశాలలో ఉన్న రోజుల్లో, ఒకసారి ఆ సంస్థను చూడబోయి, అక్కడి ఆవరణలో నిలిపి ఉంచిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని చూశాడు. ఆ యంత్రంలోని చిక్కూ, పొందికా అతని మనస్సును పట్టుకొన్నవి. అతని పేరు రొద్దం నరసింహ. రొద్దం పెనుగొండకు సమీపంలోని గ్రామం. ఆ యింటిపేరు అక్కడిదే.

పెద్దలది వట్టి చాదస్తమని ఇప్పుడు అనిపించవచ్చును. నాటి పరిస్థితి తలచుకొంటే వారి మాట తోసివేయదగినది కాదు. రైల్వే దేశమంతటా వ్యాపించి ఉన్నది. విమానాలు తయారుచేసే పెద్ద కర్మాగారం మాత్రం బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఒక్కటే. అక్కడ రూపొందిన హెచ్.టి.-2 శిక్షణ విమానం మొదటిసారి ఎగిరి అప్పటికి రెండేళ్ళు. జాతీయ వైమానిక పరిశోధనాలయం 1959లో గాని వెలియలేదు. ఈ చదువు చదివి చేసేదేమిటని అడిగితే, గట్టిగా సమాధానం చెప్పగలవారు దేశంలో కొద్దిమందే ఉండేవారు.

అసలు విమానానికి వేరే చదువు ఎందుకు? 1903లో మొదటి విమానాన్ని ఎగురవేసిన రైట్ సోదరులు సైకిళ్ళ వ్యాపారులు. ఏ కళాశాల పట్టమూ లేనివారు. కాని విమానం పెరిగిన కొద్దీ పాత ఇంజనీరింగు అలవాట్లు దానికి చాలలేదు. వంతెన కట్టే ఇంజనీరు అనుమానం కలిగితే దూలం మందం పెంచి నిశ్చింతగా ఉండవచ్చును. విమానంలో ఆ పని చేస్తే అది నేల విడువదు. అందుచేత దాని చట్రాన్ని, ప్రయాణంలో ఎదురుకాగల గరిష్ఠ భారానికి సాధారణంగా ఒకటిన్నర రెట్లు మాత్రమే తట్టుకొనేటట్లు నిర్మిస్తారు. అంత తక్కువ వెసులుబాటుతో పని జరగాలంటే లెక్క కచ్చితంగా ఉండాలి. గాలి సంగతి మరీ చిక్కు. రెక్క ఉపరితలాన్ని అంటి ఉండే పలుచని గాలిపొరలోనే ఘర్షణ ప్రభావమంతా ఇమిడి ఉన్నదని జర్మనీలో లుడ్విగ్ ప్రాంటల్ 1904లో చూపాడు. దానికే సరిహద్దు పొర అని పేరు. ప్రాంటల్ చదివినది మ్యూనిక్‌లో యంత్రశాస్త్రం. ఆయన శిష్యుడు కార్మాన్ బుడాపెస్టులో మెకానికల్ ఇంజనీరింగు చదివాడు. ఈ శాస్త్రానికి పునాది వేసినవారికి ఈ శాస్త్రంలో పట్టం లేదన్నమాట! అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం 1914లో విమానశాస్త్ర బోధన ప్రారంభించింది.

మన దేశానికి ఆ చదువు యుద్ధం వెంట వచ్చింది. వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వంతో కలిసి 1940 డిసెంబరులో విమాన కర్మాగారం స్థాపించారు. దానికి శిక్షణ పొందినవారు కావలసివచ్చారు. 1942 డిసెంబరులో ఇన్‌స్టిట్యూట్‌లో విమానశాస్త్ర శాఖ ఏర్పడింది. దానిని నెలకొల్పిన విష్ణు మాధవ ఘాటగే గోటింగెన్‌లో ప్రాంటల్ వద్దనే డాక్టరేటు పొందినవారు, హెచ్.టి.-2 రూపకల్పనకు నాయకుడు కూడా ఆయనే. అయితే ఆ శాఖ చేర్చుకొన్నది పట్టభద్రులను. ముందు ఒక మూలశాస్త్రం, ఆపైన విమానం: బెంగుళూరు పద్ధతి అలా స్థిరపడింది.

ఆ పద్ధతికి సతీష్ ధావన్‌ను మించిన ఉదాహరణ లేదు. ఆయన లాహోరులో గణితం, భౌతికశాస్త్రాలతో బి.ఏ., ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ., ఆ పిమ్మట 1945లో మెకానికల్ ఇంజనీరింగు పట్టం పొందారు. అటు తరువాతనే అమెరికా వెళ్ళి విమానశాస్త్రం చదివారు. సాహిత్య విద్యార్థి ఆకాశానికి పోవడం మన కళాశాలల్లో ఎవరూ ఊహించని వరుస. 1951లో ఆయన బెంగుళూరులో అధ్యాపకుడైనారు. రెండేళ్ళకు నరసింహ ఆయనకు విద్యార్థి అయినారు.

ఆ గురుశిష్యుల పని సరిహద్దు పొర మీదనే సాగింది. పలకపై గాలి మొదట నెమ్మదిగా పొరలు పొరలుగా జారుతుంది. కొంత దూరం పోయాక సంక్షుబ్ధమవుతుంది. ఈ రెంటి నడుమ ఒకచోట నిలిచి చూస్తే, సంక్షోభం ఎడతెగక ఉండదు. మచ్చలు మచ్చలుగా వచ్చి పోతుంది. ఆ మచ్చలన్నీ ఇంచుమించు ఒకే తావున పుట్టుతున్నట్లు భావిస్తే, ఎంత కాలం సంక్షోభం, ఎంత కాలం శాంతం అన్నది లెక్కకు అందుతుందని నరసింహ కనుగొన్నారు. 1958లో ఇద్దరి పేర్లతో వెలువడిన వ్యాసం నేటికీ ఆ రంగంలో పేర్కొనబడుతున్నది. 1984 నుండి 1993 వరకు జాతీయ వైమానిక పరిశోధనాలయానికి నరసింహయే సంచాలకులు.

మరొక త్రోవ మదరాసు వైపున పడింది. సి. రాజం తన భవనాన్ని అమ్మి, 1949లో క్రోంపేటలో మదరాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీని స్థాపించారు. తిరుచిరాపల్లిలో భౌతికశాస్త్రం చదివిన అబ్దుల్ కలాం తరువాత అందులో చేరారు. ప్రవేశానికి కావలసిన సుమారు వెయ్యి రూపాయలకు అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు కుదువపెట్టింది. అక్కడా సేవ విరమించిన విమానాలు రెండు నిలిపి ఉండేవి. తోటివారు వెళ్ళిపోయినా కలాం వాటి దగ్గర కూర్చుండిపోయేవారట. ఇంటర్మీడియెట్ కాగానే ఇంజనీరింగులో చేరవలసినదని ఆయన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నారు. భౌతికశాస్త్రంలో గడిపిన ఏళ్ళు వృథా అయినవని మాత్రం ఒప్పుకోలేము.

ఇంటర్మీడియెట్ తరువాత నేరుగా విమానశాస్త్ర పట్టానికి చేరే వీలు ఖరగ్‌పూర్ వంటి సంస్థలతో క్రమంగా ఏర్పడింది. అయినా పాత త్రోవ మూతబడలేదు. 2001 జనవరి 4న బెంగుళూరులో తేలికపాటి యుద్ధవిమానం, తరువాత తేజస్ అని పేరు పొందినది, మొదటిసారి ఎగిరింది. ఆ నిర్మాణానికి సారథ్యం వహించిన కోట హరినారాయణ బరంపురంలో జన్మించారు. ఆయన కాశీలో చదివిన మొదటి పట్టం మెకానికల్ ఇంజనీరింగు; విమానశాస్త్రం ఆ తరువాత, బెంగుళూరులో.