ఓవల్‌లో మన హైదరాబాదీ కొట్టిన ఫోర్

ఈసారి ఎపిసోడ్ సయ్యద్ ఆబిద్ అలీ గురించి. హైదరాబాద్‌లో పుట్టిన ఆయన 2025 మార్చి 12న, 83వ ఏట, అమెరికాలో కన్నుమూశారు. లండన్‌లో ఓవల్ స్టేషన్‌లో దిగి సైటుకెళ్లే మనోళ్లలో ఆ పేరు ఎందరికి తెలుసు?

1971 ఆగస్టు 24. అప్పటిదాకా ఇంగ్లండ్‌లో ఇండియా ఒక్క టెస్టూ గెలవలేదు. చంద్రశేఖర్ 6 వికెట్లు తీసి వాళ్లను 101కే చుట్టేశాడు. మన టార్గెట్ 173. తీరా 170 దగ్గర విశ్వనాథ్ ఔట్. అప్పుడు దిగారు ఆబిద్ అలీ. లక్‌హర్స్ట్ బంతిని కట్ చేస్తే ఫోర్! మ్యాచ్ మనదే, సిరీసూ మనదే. మనోళ్లు గ్రౌండ్‌లోకి ఒకటే పరుగు.

పేరంతా చంద్రశేఖర్‌కే వచ్చింది, న్యాయమే. కానీ అంతకుముందు మాంచెస్టర్ టెస్టులో ఇంగ్లండ్ మొదటి 4 వికెట్లూ ఆబిద్ అలీవే. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

అన్నట్టు, ఓవల్‌లో గెలిచిన రోజు వినాయక చవితి. ఆ టెస్టుకు మన అభిమానులు జూ నుంచి బెల్లా అనే ఏనుగును కూడా గ్రౌండ్‌కి తీసుకొచ్చారు.