ఎలిజబెత్తు కాలపు నాటకశాల: నటుల స్వామ్యము

పునరుజ్జీవన యుగమునందలి ఆంగ్ల నాటకమును గూర్చి విచారించువారు సాధారణముగా కవుల ప్రతిభతో నారంభించి దానితోనే ముగింతురు. మార్లో, షేక్స్పియరు, బెన్ జాన్సనుల కృతులను మన విద్యాలయములలో పాఠ్యగ్రంథములుగా చదువుట పరిపాటి. అందుచే అవి ఒక వృత్తి సమాజము తన జీవనమునకై కొని యాడిన నాటకములను విషయము మఱుగుపడుచున్నది. నాటకశాల యెవరిది? వ్రాతప్రతి యెవరి సొత్తు? ప్రేక్షకు డిచ్చిన పెన్నీ యెవరికి చేరెను? ఈ మూడు ప్రశ్నలను విడిచి ఆ నాటక చరిత్రను సరిగా గ్రహింపజాలమని మా యభిప్రాయము.

మొదట నటుల స్థితిని గమనింతము. 1572 నాటి శాసనము ననుసరించి ప్రభువుల యాశ్రయము లేక ఊరూర తిరిగి యాడు నటులు దేశదిమ్మరులతో సమానముగా శిక్షార్హులైరి. కావున ప్రతి సమాజమును ఒక ప్రభువు పేరును ధరింపవలసి వచ్చెను. 1574లో లెస్టరు ప్రభువు సమాజమునకు రాణి యనుమతి పత్రము లభించినది. అందు పేర్కొనబడిన నటులలో జేమ్సు బర్బేజి యొకడు, పూర్వము వడ్రంగి. ఇతడు 1576లో బావమరిది జాన్ బ్రేను ధనసహాయముతో షోర్డిచ్చియందు కౌలు భూమిలో 'థియేటరు' అను శాలను కట్టించెను. లండను నగరపాలకులు నాటకములకు విరోధులు. వారి యధికారము చెల్లని తావు నెన్నుకొనుటకు ఇదియే కారణము.

ఈ శాలల నిర్వహణము రెండు విధములుగా సాగినది. మొదటి విధమునకు ఫిలిప్ హెన్‌స్లో నిదర్శనము. ఇతడు నటుడు కాడు, వర్తకుడు. 1587లో థేమ్సు నది దక్షిణపుటొడ్డున 'రోజ్' శాలను నిర్మించెను. 1592 మొదలు ఇతడు వ్రాసిన లెక్కల పుస్తకము డల్విచ్ కళాశాలలో భద్రముగా నున్నది. అందు వసూళ్లు, దుస్తుల ఖర్చులు, కవులకిచ్చిన బయానాలు గలవు. 1590 దశాబ్ది చివర క్రొత్త నాటకమునకు సుమారు 6 పౌనులు వెల. ఒక్క నాటకమును మువ్వురు, నలుగురు కవులు పంచుకొని వ్రాయుట సామాన్యము. నిలుచుండి చూచువాడు ఒక పెన్నీ యిచ్చును. గ్యాలరీ కెక్కువాడు మఱియొకటి యిచ్చును. ద్వారమువద్ద వచ్చినది నటులకును, గ్యాలరీల వసూలులో సగము శాల యజమానికిని చెందుచుండెను. నటులు హెన్‌స్లోకు తఱచు ఋణగ్రస్తులై యుండిరి.

రెండవ విధము ఇక్కట్టునుండి పుట్టినది. 1596లో బర్బేజి బ్లాక్‌ఫ్రయర్సు భవనమును 600 పౌనులకు కొనెను గాని, అందు నాటకము లాడుటకు ఇరుగుపొరుగువారు అడ్డుపడిరి, ధనము చిక్కుపడినది. 1597లో అతడు మరణించెను. ఆ యేడే షోర్డిచ్చి భూమి కౌలు గడువు తీరెను. స్థలము యజమాని గైల్సు ఆలెనుతో నొడంబడిక కుదరలేదు. కుమారులైన కథ్‌బర్టు, రిచర్డు 1598 డిసెంబరు 28న పనివాండ్రతో వచ్చి థియేటరు కొయ్యకట్టడమును విప్పింప నారంభించిరి. ఆ దూలములతోనే నది కావలి యొడ్డున 1599లో 'గ్లోబు' లేచినది. ధనము చాలమిచే సోదరులు సగము వాటా నుంచుకొని, తక్కిన సగమును ఐదుగురు నటుల కిచ్చిరి. వారు షేక్స్పియరు, హెమింగ్సు, ఫిలిప్సు, పోపు, కెంపు. కవి, నటుడు, శాలలో పదింట నొక పాలు గలవాడు, మువ్వురును ఒక్క వ్యక్తియే యైనది ఇచటనే.

దీని ఫలితములు రెండు. మొదటిది, కవి తాను నిత్యము చూచు నటులకే పాత్రలను వ్రాసెను. 'మచ్ అడో అబౌట్ నథింగ్' నాటకపు 1600 నాటి ముద్రణమున పాత్ర పేరుండవలసిన చోట కొన్ని తావుల కెంపు పేరే యున్నది. కెంపు వెడలిపోయి గాయకుడగు రాబర్టు ఆర్మిను వచ్చిన పిదప విదూషకుని స్వభావమే మాఱినది; 'ట్వెల్ఫ్త్ నైట్' నందలి పాటలు పాడు విదూషకుడు ఇందుకు సాక్షి. రెండవది మఱింత ముఖ్యము. వ్రాతప్రతులు సమాజపు సొత్తుగా నిలిచినవి. 1623లో హెమింగ్సు, కాండెలు అను సహనటులు 36 నాటకములను సంపుటముగా వెలువరించిరి. అందు సుమారు సగము అంతకుముందు అచ్చు కానివి. 'మాక్బెత్', 'టెంపెస్టు', 'జూలియస్ సీజరు' వానిలోనివి. హెన్‌స్లో లెక్కలలో పేర్కొన్న నాటకములలో పెక్కింటికి నేడు పేరు మాత్రమే మిగిలినది.

ఐనను ఈ వాదమునకు హద్దు గలదు. మార్లో 'డాక్టర్ ఫాస్టసు' హెన్‌స్లో శాలలోనే ప్రదర్శింపబడినది. వాటాలు ప్రతిభను పుట్టింపలేదు. స్త్రీపాత్రలు ధరించిన బాలురకును, కూలినటులకును వాటా లేదు. నటులు మరణింపగా శాలల వాటాలు నటులు కాని వారసుల చేతబడెను. 1635లో అదే సమాజమునకు చెందిన మువ్వురు నటులు తమకును వాటాలు కొనుట కవకాశ మిమ్మని లార్డు చాంబర్లేనుకు అర్జీ పెట్టుకొనిరి. గ్లోబు వాటాల చరిత్రను మనకు తెలుపు ముఖ్యమైన ఆధారము ఈ తగవునకు సంబంధించిన పత్రములే యగుట గమనార్హము. 1642లో పార్లమెంటు నాటకముల నాపివేయుటతో ఈ వ్యవస్థ యంతరించినది.

ప్రతిభ కవిది. అది నిలుచుటకు తావును, మనవఱకు చేరుటకు త్రోవయు ఇచ్చినది నటుల ఉమ్మడి స్వామ్యము. పాఠ్యగ్రంథముగా ఈ నాటకములను బోధించువారు ఈ రెంటిని వేఱుపఱచి చెప్పుట యుక్తము కాదని మేము తలంతుము.