ఇంటిపన్ను మీద పెట్టిన ఓటు: కాలిఫోర్నియా, 1978 జూన్

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. తాలూకా కచేరీల చరిత్ర, పే రివిజన్ల చరిత్ర పెద్దలు ఇదివరకే వ్రాసి ఉన్నారు. కనుక నా సర్వీసులో ఎక్కువ కాలం నా బల్ల మీద ఉన్న రెండు రిజిస్టర్లు, అంటే ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు, ఓటర్ల జాబితా, ఒకేచోట ఎదురుపడిన ఒక ఎన్నికను గురించి మనవి చేస్తాను. ఇది మన దేశంలో జరిగినది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1978 జూన్ 6వ తేదీన జరిగింది. మన సభ్యులలో పలువురి పిల్లలు ఆ రాష్ట్రంలో ఇళ్లు కొనుక్కుని, ఆనాటి ఎన్నిక ఫలితాన్ని ఏటా రెండు వాయిదాలుగా కడుతూనే ఉన్నారు గనుక మనకు బొత్తిగా సంబంధం లేని సంగతి కాదు.

ముందుగా ఒక వివరణ. వారి దేశంలో అసలు ఎన్నిక నవంబరులో జరుగుతుంది. దానికి కొన్ని నెలల ముందు, ఏ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఓటర్లే తేల్చే తొలి ఎన్నికను ప్రైమరీ అంటారు. మనకైతే టిక్కెట్టు ఢిల్లీలోనో హైదరాబాదులోనో నిర్ణయమవుతుంది. కాలిఫోర్నియాలో ఆ ప్రైమరీ బ్యాలెట్టు మీదనే, అభ్యర్థుల పేర్ల కింద, పన్నులకూ అప్పులకూ చట్టసవరణలకూ సంబంధించిన ప్రతిపాదనలు కూడా అచ్చువేస్తారు. ఔను, కాదు అని గుర్తు పెట్టాలి. మన మునిసిపాలిటీలో పన్ను పెంచదలిస్తే అభ్యంతరాలుంటే తెలుపుకొమ్మని నోటీసు ఇస్తారు. ఆ అభ్యంతరాలు ఏ ఫైలులోకి పోతాయో మనకు తెలియనిది కాదు. అక్కడ జనమే నేరుగా పన్ను రేటుకు ఓటు వేస్తారు.

పన్నుకూ ఓటుకూ ముడి మనకూ కొత్త కాదు. 1919 చట్టం కింద గానీ 1935 చట్టం కింద గానీ ఓటు అందరికీ లేదు. శిస్తో పన్నో కట్టేవారికి, కొంత ఆస్తి ఉన్నవారికి, చదువుకున్నవారికి మాత్రమే ఉండేది. స్వాతంత్ర్యం తరువాతనే 21 ఏళ్లు నిండిన ప్రతివారికీ ఓటు వచ్చింది. 1951–52 ఎన్నికలకు 17 కోట్ల పైచిలుకు పేర్లతో జాబితా తయారైంది. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని తప్ప తమ పేరు చెప్పనందున సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లను అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారు తొలగించవలసి వచ్చింది. అమెరికాలో దక్షిణాది రాష్ట్రాలు కొన్ని తలపన్ను కట్టినవారికే ఓటు అన్న నిబంధనను చాలాకాలం నిలుపుకున్నాయి. నల్లవారినీ పేదవారినీ జాబితాకు దూరంగా ఉంచడానికి అదొక ఉపాయం. 1964లో రాజ్యాంగ 24వ సవరణ ద్వారా కేంద్ర పదవుల ఎన్నికలలోను, వాటి ప్రైమరీలలోను దానిని నిషేధించారు. రాష్ట్ర ఎన్నికలలో 1966లో సుప్రీం కోర్టు కొట్టివేసింది. పన్ను కట్టకపోయినా ఓటు ఉంటుందని అక్కడ ఖాయమై పన్నెండేళ్లు గడిచాక ఈ కాలిఫోర్నియా ఓటు వచ్చింది.

దాని మూలం ఒక అసెసరు ఆఫీసులో ఉంది. అక్కడ ఇళ్లకు విలువకట్టే అసెసరును కూడా కౌంటీ ప్రజలే ఎన్నుకుంటారు. ఎన్నికైనవాడు ఓటున్న ఇళ్లవారి జోలికి పోడు గదా! ఇళ్లకు తక్కువగానూ వ్యాపార సంస్థలకు ఎక్కువగానూ విలువ కట్టడం చాలాచోట్ల వాడుకగా ఉండేది. శాన్‌ఫ్రాన్సిస్కో అసెసరు రస్సెల్ వోల్డెన్, లంచాలు తీసుకుని కొన్ని సంస్థల విలువ తగ్గించినట్లు 1965లో బయటపడింది. 1966లో నేరం రుజువై శిక్ష పడింది. ఇకమీదట ఇటువంటిది జరగరాదని శాసనసభ వారు అదే ఏడు ఒక చట్టం చేసి, ఇల్లయినా దుకాణమయినా మార్కెట్టు విలువలో 25 శాతానికే లెక్క కట్టాలని శాసించారు. చూడటానికి నూటికి నూరుపాళ్లు న్యాయమైన సంస్కరణ. దాని ఫలితంగా సంస్థల పన్ను తగ్గి, ఇళ్ల పన్ను పెరిగింది. అవినీతి అసెసరునే తిరిగి తెచ్చిపెట్టమని కార్ల వెనుక కాగితాలు అంటించుకున్నారంటారు. రిజిస్టర్లు దిద్దిన చేతికి ఇందులో ఆశ్చర్యం లేదు. ఒక కాలమ్ సరిచేస్తే ఇంకో కాలమ్ కదులుతుంది.

1970ల నడుమ అక్కడ ఇళ్ల ధరలు విపరీతంగా పెరిగాయి. 1974 నుంచి 1978 లోపల ఇంచుమించు రెట్టింపయ్యాయి. పన్ను రేటు సగటున మార్కెట్టు విలువలో రెండున్నర శాతానికి పైగా ఉండేది. ఇల్లు అదే, కప్పు అదే, ఉన్నవాళ్లూ వాళ్లే. కాగితం మీద విలువ మాత్రం పెరుగుతుంది, బిల్లూ పెరుగుతుంది. అప్పు తీరిపోయిన ఇంట్లో పెన్షను మీద బ్రతికే ముసలివారికి ఆ బిల్లు కట్టడానికి ఇల్లే అమ్ముకోవలసిన గతి వచ్చింది. గ్రాట్యుటీ డబ్బుతో ఇల్లు కట్టుకున్న మనవాళ్లకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు. ఇంటి విలువ పెరిగిందని ఎవరూ డి.ఎ. పెంచరు.

1977లో 62 ఏళ్లు దాటిన స్వల్పాదాయం వారికి పన్ను వాయిదా వేసే చట్టం ఒకటి చేశారు. ఆ పన్నును ప్రభుత్వం కడుతుంది, ఇల్లు అమ్మినప్పుడు రాబట్టుకుంటుంది. మంచి ఆలోచన. దానిని 2009లో నిధుల కొరతతో ఆపి, 2016లో మళ్లీ తెరిచారు. కాని జనం కోపం ముందు అది చాలలేదు.

ఆ కోపాన్ని కాగితం మీద పెట్టినవారు హోవర్డ్ జార్విస్, పాల్ గాన్ అనే ఇద్దరు. జార్విస్ 1903లో పుట్టినవాడు, ఓటు నాటికి 74 ఏళ్లు. లాస్ ఏంజెలెస్ అద్దె ఇళ్ల యజమానుల సంఘానికి డైరెక్టరుగా జీతం తీసుకునేవాడు కూడా. ఆ వయసులో వీధులు పట్టుకు తిరిగి పది లక్షలకు పైగా సంతకాలు పోగుచేయించాడు. అందుకు ఆయన ఓపికను మెచ్చుకోవలసిందే. 13వ ప్రతిపాదనగా బ్యాలెట్టుకు ఎక్కిన ఆ సవరణ సారాంశం ఇది: ఆస్తిపన్ను విలువలో ఒక శాతానికి మించరాదు. విలువను 1975–76 నాటి లెక్కకు వెనక్కు తీసుకుపోవాలి. ఏటా రెండు శాతానికి మించి పెంచరాదు. ఇల్లు చేతులు మారినప్పుడు గానీ కొత్తగా కట్టినప్పుడు గానీ మాత్రమే కొత్త ధరకు విలువ కట్టాలి. శాసనసభ కొత్త పన్ను వేయాలంటే రెండు సభలలోనూ మూడింట రెండు వంతులు కావాలి. నగరాలూ కౌంటీలూ ప్రత్యేక పన్ను వేయాలంటే ఓటర్లలో మూడింట రెండు వంతులు కావాలి.

గవర్నరు జెర్రీ బ్రౌన్ దీనిని వ్యతిరేకించాడు. శాసనసభ వారు మెత్తనిదొకటి, 8వ ప్రతిపాదన అని, అదే బ్యాలెట్టు మీద పోటీగా పెట్టారు. సరిగ్గా మే నెలలో లాస్ ఏంజెలెస్ కౌంటీ అసెసరు కొత్త విలువలను బయటపెట్టాడు. తమ ఇంటి విలువ రెట్టింపు, అంతకంటె ఎక్కువ అయిందని చూసుకున్నవారు ఇక 8వ ప్రతిపాదన పుస్తకం ఏం చదువుతారు?

అక్కడ ఎన్యూమరేటరు ఇంటింటికీ రాడు. ఆ రోజుల్లో ఓటరే తనంతట తాను పేరు నమోదు చేసుకోవలసి ఉండేది, ఇల్లు మారితే మళ్లీ చేసుకోవలసి ఉండేది. 1978లో ఎన్నికకు సుమారు నెల ముందే ఆ గడువు ముగిసేది. నమోదులో తన పార్టీ కూడా వ్రాయాలి. ఏ పార్టీ వ్రాయనివారికి ఆనాటి ప్రైమరీలో పార్టీ అభ్యర్థులకు ఓటు లేదు గాని, ప్రతిపాదనలకు ఉంది. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉన్న ముసలివారి పేరు జాబితాలో స్థిరంగా ఉంటుంది. ఏటా ఇల్లు మారే అద్దెవారి పేరు జారిపోతూ ఉంటుంది. మన ఊళ్లలో ఓటర్ల జాబితా రివిజను చేసిన వారందరికీ ఇది అనుభవమే. డోరు నంబరు ఉన్నవాడు దొరుకుతాడు, వాటాలో ఉన్నవాడు దొరకడు.

నమోదైన వారిలో దాదాపు 69 శాతం ఆ రోజు వచ్చి ఓటు వేశారు. ప్రైమరీకి అది చాలా ఎక్కువ. ఔనన్నవారు సుమారు 42.8 లక్షలు, కాదన్నవారు 23.3 లక్షలు. నూటికి 65 మంది ఔనన్నారు. 8వ ప్రతిపాదన ఓడిపోయింది. బ్రౌన్ మరునాటి నుంచే మాట మార్చి, తానే అమలు చేసేవాడినన్నంత ఉత్సాహం చూపించాడు. నవంబరులో తిరిగి గెలిచాడు కూడా.

స్థానిక సంస్థల ఆస్తిపన్ను రాబడి సగానికి పైగా ఒక్కసారిగా పడిపోయింది. రాష్ట్ర ఖజానాలో అప్పటికి అయిదు వందల కోట్ల డాలర్ల దాకా మిగులు ఉన్నందున దానిని పంచి మొదటి దెబ్బ కాచుకున్నారు. ఆ వేసవిలోనే చాలా స్కూళ్లలో సెలవుల తరగతులు రద్దయ్యాయి. గ్రంథాలయాల వేళలు తగ్గాయి. డబ్బు పంచేది రాష్ట్రం గనుక పెత్తనమూ రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకు పోయింది. గ్రాంటు ఇచ్చేవాడి మాట మునిసిపల్ కౌన్సిలు ఎలా వింటుందో మనం చూడనిదా!

జార్విస్ అద్దెకున్నవారికి కూడా ఆశ చూపించాడు. యజమానుల పన్ను తగ్గితే అద్దెలు తగ్గుతాయన్నాడు. తగ్గలేదు. ఆ కోపంలోనే లాస్ ఏంజెలెస్‌లోనూ శాంటా మోనికాలోనూ అద్దె నియంత్రణ వచ్చింది. ఇక వ్యాపార సంస్థల సంగతి. మనిషి ఇల్లు ఏదో ఒకనాడు చేతులు మారుతుంది. కంపెనీ స్థలం ఎన్ని దశాబ్దాలైనా అదే పేరు మీద ఉంటుంది. ముసలమ్మ పేరు చెప్పి తెచ్చిన రక్షణ పెద్ద పెద్ద సంస్థలకు ఆమెకంటె ఎక్కువ కాలం దక్కింది. నా మటుకు నాకు ఈ సవరణలో ఒప్పుకోలేని భాగం ఇదే. వృద్ధుల బిల్లుకు హద్దు పెట్టడం అవసరమే. ఆ హద్దును ఆదాయాన్నీ వయసునూ చూడకుండా కొన్న సంవత్సరానికి కట్టివేయడం వల్ల సాయం అవసరమైనవారికీ అవసరం లేనివారికీ ఒకే లెక్కన పోయింది. సంస్థల ఆస్తులకు మార్కెట్టు విలువ కట్టాలని 2020 నవంబరులో పెట్టిన 15వ ప్రతిపాదన కూడా 52కు 48 తేడాతో ఓడిపోయింది.

కోర్టుకూ వెళ్లారు. స్టెఫనీ నార్డ్లింగర్ అనే ఆవిడ 1988లో లాస్ ఏంజెలెస్‌లో 1,70,000 డాలర్లకు ఒక ఇల్లు కొన్నది. ఆమెకు పడిన పన్ను ఏడాదికి 1,701 డాలర్లు. అటువంటి ఇళ్లలో అంతకుముందు నుంచీ ఉన్న ఇరుగుపొరుగు కట్టేది 358 డాలర్లు. చట్టం ముందు సమానత్వం ఎక్కడుందని అడిగింది. 1992లో సుప్రీం కోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరొకవైపుగా సవరణ చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. కొనేవాడు ఎంత పన్ను పడుతుందో తెలిసే కొంటున్నాడు గదా అన్నది దానిలో ఒక తర్కం.

మూడింట రెండు వంతుల నిబంధన ప్రైమరీలో ఎలా పనిచేస్తుందో గుమాస్తా లెక్క ఒకటి వేసి చూపుతాను. 2014 జూన్ ప్రైమరీకి వచ్చింది నమోదైనవారిలో 25 శాతమే. ఒక ఊళ్లో 100 మంది నమోదై ఉంటే 25 మంది వచ్చారన్నమాట. స్థానికంగా ప్రత్యేక పన్ను నెగ్గాలంటే అందులో 17 మంది ఔననాలి. 9 మంది కాదంటే చాలు, పడిపోతుంది. వందలో తొమ్మిది. ఊరి గ్రంథాలయమో ఫైరు స్టేషనో ఆ తొమ్మిదిమంది మీద ఆధారపడుతుంది. తరువాత కొన్ని సడలింపులు వచ్చాయి. 2000 నవంబరు నుంచి స్కూలు బాండ్లకు 55 శాతం చాలు. 2017లో రాష్ట్ర సుప్రీం కోర్టు ఇచ్చిన ఒక తీర్పును అనుసరించి, పౌరులే సంతకాలు సేకరించి పెట్టిన ప్రత్యేక పన్నులకు సగానికి పైగా వస్తే చాలునని అప్పీలు కోర్టులు చెప్పాయి.

వింత ఏమిటంటే, 2011లో మళ్లీ గవర్నరుగా ఉన్న అదే జెర్రీ బ్రౌన్, సంతకాలతో వచ్చే రాష్ట్రస్థాయి ప్రతిపాదనలు ఇకమీదట నవంబరు బ్యాలెట్టు మీదనే ఉండాలనే చట్టం మీద సంతకం చేశాడు. తక్కువమంది వచ్చే రోజున పెద్ద నిర్ణయాలు జరగరాదన్నది దాని ఉద్దేశం. శాసనసభ పంపేవి, ఊళ్ల ప్రతిపాదనలు మాత్రం ప్రైమరీలలో వస్తూనే ఉన్నాయి. 2020 మార్చి ప్రైమరీలో స్కూళ్ల కోసం 1,500 కోట్ల డాలర్ల బాండ్ల ప్రతిపాదన పెట్టారు. నంబర్లు వరుసలో తిరిగి వచ్చి దానికీ 13 పడింది. అది ఓడిపోయింది. పాత 13 అనుకుని భయపడి కాదన్నారని కొందరు అన్నారు.

మా రెండో అమ్మాయి వాళ్లు ఫ్రీమాంటులో ఉంటారు. అక్కడికి వెళ్లినప్పుడు, పాత అలవాటు కొద్దీ, పన్ను బిల్లు అడిగి తీసుకుని చదివాను. పక్కింట్లో ఒక పెద్దావిడ, 1970ల నుంచి అదే ఇంట్లో ఉంటున్నది, భర్త పోయాడు. ఇళ్లు రెండూ ఒకే నమూనా. మావాళ్ల పన్ను ఆమెదానికి ఎన్నో రెట్లు. మా అల్లుడు దీనిని అన్యాయమంటాడు. ఆ చట్టమే లేకపోతే నేను ఈ ఊళ్లో ఉండేదాన్ని కాదని ఆవిడ నాతో అన్నది. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆవిడ ప్రతి ప్రైమరీకీ ఓటు వేస్తుంది. మావాళ్లకు గ్రీను కార్డే గాని పౌరసత్వం రాలేదు గనుక ఓటర్ల జాబితాలో పేరు లేదు. అటువంటి తెలుగు కుటుంబాలు ఆ వీధిలోనే నాలుగు లెక్కపెట్టాను.

ఆ బిల్లులో ఒక శాతం పన్ను ఒక వరుసలో ఉంటుంది. దాని కింద స్కూలు బాండ్లకూ మరి కొన్ని సంస్థల అప్పులకూ ఓటర్లు ఆమోదించిన చిన్న చిన్న మొత్తాలు పేరు పేరునా వేరువేరు వరుసలలో అచ్చువేసి ఉంటాయి. ఏ వరుస ఏ ఎన్నికలో నెగ్గిందో అమ్మాయిని అడిగాను. తెలియదన్నది. పక్కింటావిడను అడిగితే ఒక్కొక్కటే వేలు పెట్టి చెప్పింది.