మజ్లిస్ రాజకీయం: సార్వభౌమత్వ భావన నుంచి ఓటు దాకా

ఉపోద్ఘాతం:
మత రాజకీయానికీ ఎన్నికల విజయానికీ గల సంబంధాన్ని పరిశీలించడానికి హైదరాబాదు మజ్లిస్ చరిత్ర అనువైన ఉదాహరణ. 1927లో ఏర్పడిన మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్, 1957లో పునరుద్ధరణ పొందిన మజ్లిస్ పేరులో ఒకటే అయినా రాజకీయ తర్కంలో ఒకటి కావు. ఈ భేదాన్ని విస్మరిస్తే నేటి విజయాలన్నిటినీ రజాకార్ల వారసత్వంగా భావించే పొరపాటు జరుగుతుంది.

సార్వభౌమత్వ భావన:
నిజాం సంస్థాన జనాభాలో ముస్లింలు సుమారు 13 శాతం. పాలనా యంత్రాంగంలో మాత్రం వారిదే పైచేయి. బహదూర్ యార్ జంగ్ అధ్యక్షతన (1938-1944) ‘అనల్ మాలిక్’ సిద్ధాంతం ప్రచారం పొందింది. సార్వభౌమత్వం ముస్లిం సమాజానిదనీ, నిజాం దానికి ప్రతీక మాత్రమేననీ దాని సారాంశం. బాధ్యతాయుత ప్రభుత్వం ఏర్పడితే అల్పసంఖ్యాక వర్గం అధికారం కోల్పోతుందన్న భయం దీనికి మూలం. ఖాసిం రజ్వీ నాయకత్వంలో ఆ భయం సాయుధ దౌర్జన్యంగా మారింది. భైరాన్‌పల్లి వంటి గ్రామాలు బలయ్యాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య ఆ అధ్యాయాన్ని ముగించింది. అయితే ఆ చర్య కాలంలోనూ, తదనంతర హింసలోనూ 27,000 నుంచి 40,000 మంది మరణించి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. రజ్వీ రాజకీయానికి మూల్యం చెల్లించినవారిలో అధికులు దానితో సంబంధం లేని సామాన్యులే.

ఓటు రాజకీయం:
1957లో న్యాయవాది అబ్దుల్ వాహెద్ ఒవైసీ రాజ్యాంగ పరిధికి లోబడి పార్టీని పునరుద్ధరించారు. 1962లో సలావుద్దీన్ ఒవైసీ పత్తర్‌గట్టి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1984 నుంచి హైదరాబాదు లోక్‌సభ స్థానం ఆయనదీ, 2004 నుంచి అసదుద్దీన్ ఒవైసీదీ అయింది. 2009, 2014, 2018, 2023 శాసనసభ ఎన్నికల్లో పార్టీకి 7 స్థానాల చొప్పున దక్కాయి. పాతబస్తీలో ఓటర్ల సాంద్రత, దారుస్సలాంలో ప్రజల అర్జీలు వినే ఆనవాయితీ, ప్రత్యర్థుల ఓట్ల చీలిక ఇందుకు ప్రధాన కారణాలు.

మతమొక్కటే ఓటును నిర్ణయించదనడానికి 1994 ఎన్నికలే నిదర్శనం. అమానుల్లా ఖాన్ చీలిక వర్గమైన మజ్లిస్ బచావో తహ్రీక్ 2 స్థానాలు గెలవగా, మాతృసంస్థ ఒక్కదానికే పరిమితమైంది. మరోవైపు నగర ఉత్తర శివార్లలో, జవహర్‌నగర్ ఉన్న మేడ్చల్ నియోజకవర్గంలో, ఈ విజయానికి ఉనికి లేదు. సాంద్రత లేనిచోట అదే నినాదం స్థానంగా మారదు.

ముగింపు:
తొలి మజ్లిస్ సంఖ్యను నిరాకరించి అధికారాన్ని కోరింది. మలి మజ్లిస్ సంఖ్యను ఆశ్రయించి ప్రాతినిధ్యాన్ని సాధించింది. ఆ సంఖ్య కొద్ది నియోజకవర్గాలకే పరిమితం కావడంతో రాష్ట్రాధికారంలో భాగం పాలకపక్షంతో మైత్రిపైనే ఆధారపడింది. ప్రాతినిధ్యం దక్కిన వర్గానికి విధాన నిర్ణయంలో వాటా దక్కిందా అన్నదే ఈ చరిత్ర మిగిల్చిన ప్రశ్న.