ఇరుసు మార్చాలన్న బావకు

మామిడికాయల సీజన్‌లో కొడిమ్యాల పోయినప్పుడు మా బావ ఒక ప్రశ్న వేశాడు. ఆయనకో పాత పికప్ ఉంది. తోటల్లో కాయ ఎత్తి జగిత్యాల పక్కనున్న చల్‌గల్ మార్కెట్లో దించడం ఆయన పని. ముందు చక్రాల బాల్ జాయింట్లు, బుష్‌లు ఊరికే అరిగిపోతున్నాయట.

"గివన్ని పీకేసి జీపు ఇరుసు ఏపిస్త. తుక్కు దుకాణంల ఒకటి చూసి పెట్టిన. కమాన్లు ఏద్దామా, కాయిల్ స్ప్రింగులు ఏద్దామా? ఇంజనీరువు గదా, చెప్పు."

నేను కోడ్ రాసే ఇంజనీరుని. పక్కనే నాచుపల్లి జేఎన్టీయూలో చదివిన నాలుగేళ్లలో బండి నట్టు ఒక్కటి విప్పిన పాపాన పోలేదు. ఆ మాట బావ ముందు ఒప్పుకోలేక, హైదరాబాద్ వచ్చాక చదవడం మొదలుపెట్టాను. చదువుతూ పోతే అది మెకానిక్ పని కంటే ఎక్కువగా చరిత్ర అని తేలింది.

ఇరుసు మనకు పాత మాటే. ఎడ్లబండిలో రెండు చక్రాలనూ కలిపి ఉంచేది అదే. ఒక చక్రం గుంతలో పడితే బండంతా ఒరుగుతుంది. మధ్యలో స్ప్రింగు లేదు. టైరు బండ్లు వచ్చాక టైరులో గాలే స్ప్రింగు. ఇంగ్లండులో 1804లో ఒబడయా ఎలియట్ గుర్రపు బగ్గీలకు ఉక్కు పట్టీల స్ప్రింగు మీద పేటెంటు తీసుకున్నాడు. మన మెకానిక్కుల కమాన్ పట్టీలు ఆ వంశానివే. కమాన్ అంటే విల్లు.

ఈ విల్లుది రెండు చేతుల పని. బరువు మోస్తుంది. ఇరుసు ముందుకో పక్కకో జరక్కుండా, బ్రేకు తొక్కినప్పుడు మెలిపడకుండా పట్టుకునీ ఉంటుంది. కాయిల్ స్ప్రింగుకు మోయడం ఒక్కటే తెలుసు. ఇరుసును పట్టుకోవడానికి వేరే కడ్డీలు కావాలి: ముందూ వెనకా కదలకుండా రేడియస్ ఆర్ములు, పక్కకు పోకుండా పాన్‌హార్డ్ రాడ్. ఆ రాడ్ స్టీరింగ్ లింకుకు సమాంతరంగా, దాదాపు అంతే పొడవుతో ఉండాలి. లేకపోతే గుంతలో పడ్డ ప్రతిసారీ స్టీరింగ్ తనంతట తాను తిరుగుతుంది.

మరి కార్లు ముందు ఇరుసును ఎందుకు వదిలేశాయి? సుఖం కోసం అనుకుంటాం. అది సగమే నిజం. 1930ల మొదట్లో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలీ అనే ఇంజనీరు, కారు కుదుపు తగ్గాలంటే ముందు స్ప్రింగులు వెనకవాటికంటే మెత్తగా ఉండాలని తేల్చాడు. కానీ కమాన్‌ను మెత్తన చేస్తే దాని రెండో చేయి బలహీనమవుతుంది. ఇరుసు మెలిపడుతుంది, చక్రాలు వణుకుతాయి. అందుకే ఆ రెండు పనులనూ విడదీయాల్సి వచ్చింది. 1934 నాటికి ఆ కంపెనీ కార్లలో ముందు చక్రాలు దేనికది విడిగా కదలడం మొదలైంది.

ఏడేళ్లు తిరక్కుండా యుద్ధం కోసం వచ్చిన విల్లీస్ జీపు మళ్ళీ పాత దారి పట్టింది. ముందొక ఇరుసు, వెనకొక ఇరుసు, నాలుగు మూలలా కమాన్లు. మెత్తదనం ఎవరూ అడగలేదు. రోడ్డు లేనిచోట పోవాలి, విరిగితే అక్కడే బాగవ్వాలి. 1947లో మహీంద్రా సంస్థ ఆ జీపులను బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. అట్లా అది మన ఊళ్ళకూ వచ్చింది. 1978లో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ రోజుల్లో జీపు చప్పుడు వినబడితే దీపం ఆర్పేవాళ్ళమని మా అమ్మమ్మ చెప్పేది. కారు రాలేని బాటలో జీపు రావడానికి కారణం ఆ ఇరుసే.

1970లో వచ్చిన రేంజ్ రోవర్ ఇరుసును ఉంచుకుని కమాన్లను వదిలేసింది, కాయిల్ స్ప్రింగులు పెట్టుకుంది. మనదగ్గర 1985లో వచ్చిన జిప్సీ రెంటినీ ఉంచుకుంది. సాఫ్ట్‌వేర్‌లో మాకో అలవాటు ఉంది, వెర్షన్ నంబరు పెద్దదైతే మంచిదనుకుంటాం. ఈ చరిత్ర అట్లా నడవలేదు. ఏం మోయాలి, ఎక్కడ తిరగాలి, ఎవరు బాగు చేయాలి అన్నదాన్ని బట్టి ఒక్కో బండి ఒక్కో జవాబు ఎంచుకుంది.

బావ ప్రశ్నకూ ఆ లెక్కే. ఇరుసు మార్చడమే ఖాయమైతే కమాన్లే నయం. కడ్డీల కొలతలు అంగుళం తప్పితే కాయిల్ స్ప్రింగు బండి ప్రమాదం. కమాన్‌ను జగిత్యాలలో ఎవరైనా విప్పి బిగించగలరు. కాకపోతే దాని షాకిల్ వెనకవైపు ఉండాలి. ముందుంటే గుంత తగిలినప్పుడు ఇరుసు ఇంకా ముందుకు, గుంతలోకే నెట్టుకుంటుంది. ఆ దెబ్బ తినేది మామిడికాయ.

ఇంతవరకూ రాసి ఆగిపోయాను. ఇరుసు కింద పెడితే బండి పైకి లేస్తుంది. బరువు ఎత్తుకు పోతుంది. పెళ్ళిళ్ళప్పుడు బావ ఆ బండిలో మనుషుల్నీ ఎక్కిస్తాడు.

2018 సెప్టెంబర్ 11న శనివారంపేట నుంచి జగిత్యాల పోతున్న బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు మీద లోయలో పడింది. అందులో వంద మందికి పైగా ఉన్నారు. అరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది కొడిమ్యాల మండలం ఊళ్ళవాళ్ళే. ఆ తర్వాత ఈ వైపు ఎవరు బండి గురించి మాట్లాడినా నాకు ముందు గుర్తొచ్చేది ఎందరు ఎక్కుతారన్నదే.

బావకు ఫోన్ చేసి వద్దన్నాను. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని సొంతంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన సంగతీ చెప్పాను. ఉన్నవాటికే కొత్త బుష్‌లు వేయించు, కాయ తక్కువ ఎత్తు, మనుషుల్ని ఎక్కించకు అన్నాను.

"గిన్ని దినాలు సదివి గిదా చెప్పేది?" అన్నాడు. వారం తర్వాత బుష్‌లు మార్పించాడని అక్క చెప్పింది. ఇరుసు తుక్కు దుకాణంలోనే ఉంది. దానితో ఉన్న కమాన్ పట్టీ ఒకటి మాత్రం కొని కమ్మరికి ఇచ్చాడట. కొడవలికి అంత మంచి ఉక్కు దొరకదంటాడు.